నైటింగేల్ పుస్తకంలో నీలం మాత్ర

ఫ్లోరెన్స్ నైటింగేల్ ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ పేరు వినని నర్సింగ్ విద్యార్థి ఉండదు. తెరిచి చదివినవాళ్ళు మాత్రం నాకు తక్కువే తగిలారు. 1859 చివర్లో లండన్‌లో వెలువడిన ఈ చిన్న పుస్తకం అసలు పాఠ్యపుస్తకమే కాదు. నర్సులకి పని నేర్పడానికి రాయలేదని ముందుమాటలోనే చెప్పేస్తుందావిడ. ఇంట్లో ఎవరి ఆరోగ్యమో చూసుకోవాల్సొచ్చే ఆడవాళ్ళ కోసం రాసింది. గాలికి, వెలుతురుకి, చప్పుడుకి, తిండికి, పక్కబట్టలకి కూడా అధ్యాయాలున్నాయి. మందులకి లేదు. నర్సింగ్ అంటే మందు తాగించడం ఒక్కటే కాదని చెప్పడమే ఆవిడ ఉద్దేశం కాబట్టి, ఆ ఖాళీలో ఆశ్చర్యం లేదు.

అయితే ఫార్మకాలజీ పాఠం చెప్పేదాన్ని కనక, ముగింపు పేజీల దగ్గర నేను ఆగిపోయాను. సొంత వైద్యం చేసే ఆడవాళ్ళ మీద నైటింగేల్ విరుచుకుపడేది అక్కడే. డాక్టర్ ఒకసారి రాసిచ్చిన ‘బ్లూ పిల్’ చీటీ పట్టుకుని, వారానికి రెండు మూడుసార్లు విరేచనాల మాత్రలా తామూ వేసుకుని, ఇతరులకీ ఇచ్చేవాళ్ళట. ఆ మాత్రలో ఉండేది పాదరసం. ఒకావిడ సంగతి నైటింగేలే డాక్టర్‌కి చెప్పింది. ఆయన పెద్దగా హాని చేయని మాత్రకి మార్చాడు. ఆవిడేమో వచ్చి, ఇది దానిలో సగం కూడా పడట్లేదని ఫిర్యాదు చేసిందట.

నవ్వొచ్చే కథే. కానీ నైటింగేల్ ఆ నవ్వు దగ్గరే ఆగిపోతుంది. ఆవిడ మందెందుకు వేసుకుంటోంది, ‘పడటం’ అంటే ఆవిడ ఉద్దేశమేంటి అని అడగదు. పైగా, మందివ్వకుండా ఉండలేకపోతే హోమియో మాత్రలివ్వండి, ప్రమాదముండదని ఒక చురక. ప్రత్యామ్నాయ వైద్యమంటే హాని లేనిదన్న నమ్మకం ఇంత పాతది! ఇప్పుడు దాన్నే ‘సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’ అంటున్నాం. అతిమధురం అదేపనిగా వాడితే ఒంట్లో పొటాషియం పడిపోవచ్చు. గుండెజబ్బుకి డిగాక్సిన్ వేసుకునేవాళ్ళకి అది ప్రాణం మీదికి రావచ్చు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే, 14టిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో కనబడింది. నీలం మాత్ర పోయింది గానీ పాదరసం పోలేదు.

ఇక మన పాఠాలు. బీఎస్సీ నర్సింగ్ ఫార్మకాలజీలో ఆయుర్వేదం, హోమియో, యునాని, సిద్ధ మందుల పరిచయం ఉంది. విడిగా, ఒక జాబితాలాగా. సురక్షితంగా మందివ్వడం ఇంకో పాఠం: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఈ ఐదు సూత్రాలూ కేస్ షీట్‌లో రాసి ఉన్న మందు దగ్గర మొదలవుతాయి. పొద్దున్నే ఇంట్లో తాగొచ్చిన కషాయం ఏ షీట్‌లోనూ ఉండదు. రెండు పాఠాలూ రోగి ఒంట్లో కలుసుకుంటాయి, క్లాసులో కలుసుకోవు.

చిత్రమేంటంటే, దీనికి దారి అదే పుస్తకంలో ఉంది. రోగిని గమనించడం గురించిన అధ్యాయంలో నైటింగేల్ ప్రశ్నల్ని తప్పుపడుతుంది. రాత్రి బాగా నిద్రపట్టిందా అంటే జవాబు తేలదు. ఎన్ని గంటలు, ఏయే వేళల్లో అని అడగాలంటుంది. నా దృష్టిలో పుస్తకం మొత్తంలో పదునైన పేజీలివే. ముగింపులో తను వెక్కిరించిన ఆవిడని ఈ పద్ధతిలో అడిగుంటే, ఆ ఫిర్యాదే మంచి సమాచారమయ్యేది.

మన దగ్గర ఇది ఇంకా అవసరం. తెలుగులో ‘మందు’ అనే మాట మాత్రకీ సారాకీ పురుగుమందుకీ తూటాలో పొడికీ కూడా సరిపోతుంది. అయినా ఆస్పత్రిలో “మందులేమైనా వాడుతున్నావామ్మా?” అంటే “ఏం లేవమ్మా” అనే వస్తుంది. ఆవిడ అబద్ధమాడట్లేదు. ఆవిడ లెక్కలో పసరు మందు కాదు, కాకరకాయ రసం మందు కాదు, ఆర్ఎంపీ ఇచ్చిన పొట్లం ‘నొప్పి బిళ్ళ’ మాత్రమే. అందులోనూ తిడతారన్న భయముంటే అది కూడా చెప్పదు. “పొద్దున్న లేవగానే ఏం తాగుతావు? మోకాళ్ళకేం రాస్తావు? ఆ పొడి ఎవరిచ్చారు, ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగితే చెప్తుంది.

నైటింగేల్‌ని దీపం పట్టుకున్న దేవతగా గోడకి తగిలించడం చాలించి, ఆ ప్రశ్నల అధ్యాయాన్ని ఫార్మకాలజీ మొదటి క్లాసులో చదివించాలి. వెంటనే ముగింపు పేజీలు కూడా చదివించాలి. అంత బాగా అడగడం తెలిసిన మనిషి కూడా, వెటకారం వచ్చినచోట అడగడం మానేసిందని పిల్లలకి తెలియాలి.