వ్యూహక్రీడలలో మూలము, పరిష్కృతి : ఒక తులనాత్మక పరిశీలనము

ఒకే కావ్యమునకు రెండు ప్రతులు లభించినపుడు వానిని ప్రక్కప్రక్కన నుంచుకొని పాఠభేదములను గుర్తించుట, ఏ పాఠము కవిదో ఏది లేఖకునిదో నిర్ణయింప యత్నించుట తెలుగు పరిశోధనలో చిరపరిచితమైన పని. ఆ పనికి అలవడిన కన్నులతో మేమీ వ్యాసమున నొక క్రొత్త వస్తువును పరిశీలింపదలచినాము. కంప్యూటరుపై ఆడెడి యుద్ధవ్యూహక్రీడలలో ఒక కథ ననుసరించి వరుసగా కూర్పబడిన ఘట్టములుండును. ఘట్టమును మిషను అనియు, ఘట్టముల వరుసను క్యాంపెయిను అనియు ఆటగాండ్రు వ్యవహరింతురు. సుమారు పాతిక ముప్పది యేండ్ల క్రిందట వెలువడిన ఇట్టి క్రీడలు పెక్కు ఇటీవల రీమాస్టరు అను పేర మఱల వెలువడినవి. ఈ రెండవ ప్రతి మొదటిదానికి శుద్ధప్రతియా, వ్యాఖ్యానమా, లేక వేఱొక కృతియా అనునది మా ప్రశ్న.

ఆటలను గూర్చి సాహిత్యవిమర్శ యేల యని కొందఱడుగవచ్చును. మండవల్లిలో మేమెఱిగిన యొక పాతయింటి అరుగుమీద పులిజూదపు గీతలున్నవి. 3 పులులు, 15 మేకలు, గీతలు కలియు తావులు 23. ఆ గీతలను గచ్చుపై బొగ్గుతో గీసినను, నల్లరాతిపై ఉలితో చెక్కినను ఆట మాఱదు. పులులకు చింతగింజలు పెట్టినను, గవ్వలు పెట్టినను మాఱదు. కాని గీత యొక్కటి చెఱిపివేసినచో పులి తప్పించుకొను దారి యొకటి మూసికొనిపోవును. ఇక నది వేఱొక జూదము. కావున ఆటలో వేషమొకటి, కట్టడి యొకటి కలవు. మిషనులో మూడవదియు నొకటి కలదు, అది కథ. వేషము మాఱుట వేఱు, కట్టడి మాఱుట వేఱు, కథ మాఱుట వేఱు. ఈ మూడింటిని కలగాపులగము చేయుటచేతనే రీమాస్టర్లను గూర్చిన మెప్పులును నిందలును తఱచుగా గుఱి తప్పుచున్నవి.

ఆ యింటిలోనే అన్నదమ్ము లిరువురు ఒక క్రీడను గూర్చి వాదించుకొనగా మేము వింటిమి. అన్న చదువుకొను దినములలో కైకలూరున మూలమును ఆడినవాడు. పదేండ్లు చిన్నవాడైన తమ్ముడు క్రొత్త ప్రతిని మాత్రమే యెఱుగును. "నీవాడినది ఇదే కదా అన్నయ్యా" యని తమ్ముడనగా, "ఊరదేరా, దారులు వేఱు" అని యన్న బదులు చెప్పెను. ఆ దారులను చూపుమని తమ్ముడడుగగా, చూపుటకు పాత ప్రతి యింటలేదు. మా వ్యాసమునకు ప్రేరణ ఈ చిన్నమాటయే.

మొదట, మూలమును మిక్కిలి విధేయతతో పరిష్కరించిన ప్రతిని చూతము. బ్లిజార్డ్ సంస్థ 1998లో వెలువరించిన స్టార్‌క్రాఫ్ట్ 2017 ఆగస్టులో రీమాస్టరుగా మఱల వచ్చినది. బొమ్మల స్పష్టత పెరిగినది, ధ్వని శుద్ధమైనది. కట్టడి మాత్రము చెక్కుచెదరలేదు. మూలమున ఒక్కసారి 12 మంది సైనికులనే ఎన్నుకొని నడుపవీలుండెను. క్రొత్తదానను అంతియే. నేటి యాటగానికిది విసుగు గొలుపును. 2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ 2 ఈ పరిమితిని తొలగించియే యున్నది. ఐనను పరిష్కర్తలు పాతపరిమితిని నిలుపుటలో వివేకమున్నదని మా యభిప్రాయము. కడపటి మిషనులలో పెద్దసేనను పండ్రెండేసి మందిగా విడదీసి, ముందు వెనుకలు తప్పకుండ నడుపుటయే ఆ యుద్ధముల కష్టము. ఆ కష్టమును తీసివేసినచో శత్రువు బలము సగము తగ్గినట్లే. పైగా ఒక మీట నొక్కిన పాతరూపము, మఱల నొక్కిన క్రొత్తరూపము కనబడును. అదే సంవత్సరము ఏప్రిలులో మూలక్రీడను ఉచితముగా నందఱకు నిచ్చివేసిరి. పరిష్కృతప్రతిని అమ్ముచు మూలప్రతిని దానము చేసిన ప్రకాశకుడు అరుదు కదా!

రెండవది, కమాండ్ అండ్ కాంకర్. వెస్ట్‌వుడ్ స్టూడియోస్ దీనిని 1995లోను, దీని సోదరియైన రెడ్ అలర్ట్‌ను 1996లోను వెలువరించినది. ఆ సంస్థ 2003లో మూతపడినది. 2020 జూనులో రెండింటిని కలిపి వెలువరించిన రీమాస్టరును, వెస్ట్‌వుడ్‌లో పనిచేసినవారు పెక్కుమంది గల పెట్రోగ్లిఫ్ సంస్థ సిద్ధపఱచినది. తాళపత్రములలో శిథిలభాగము లుండునట్లు ఇందును ఒక శిథిలభాగము కలదు. మిషనుల నడుమ నటీనటులతో చిత్రింపబడిన దృశ్యముల మూలటేపులు దొరకలేదు. అందుచే మిగిలియున్న తక్కువ స్పష్టతగల ప్రతులనే యంత్రసాయమున పెద్దవిగా చేసి వాడికొనిరి. ఆ దృశ్యములలో నేటికిని కొంత మసక కనబడును. క్రొత్తనటులతో మఱల తీయక, ఆ మసకనే నిలుపుకొనుట సత్యసంధతయని మేము తలంతుము. సంగీతమును మూలకర్తయైన ఫ్రాంక్ క్లెపాకియే మఱల కూర్చెను. పూర్వము ఇతర యంత్రములపై మాత్రమే వెలువడిన మిషనులను గూడ చేర్చిరి. ప్రత్యంతరములలో దొరకిన పద్యములను పరిష్కర్త గ్రంథమున చేర్చుట వంటిదే యిది.

ఈ ప్రతిలో స్పేస్‌బారు నొక్కినంతనే 1995 నాటి మోటుబొమ్మలు కనులముందునకు వచ్చును. ఆడుచుండగనే, యుద్ధము ఆగకుండగనే, రెండు కాలములు మాఱుచుండును. పుట యడుగున పాఠాంతరములు చూపిన గ్రంథమును చదువునపుడు పండితుడు పొందెడి తృప్తి యిచ్చట సామాన్యునకు లభించును. క్రీడాసూత్రముల మూలసంకేతమును గూడ వారు లోకమునకు విడుదల చేసిరి. పరిష్కర్త తాను చేసిన మార్పును దాచికొనకుండుట ఇందలి ఉత్తమగుణము.

ఇక వివాదాస్పదమైన మూడవదానికి వత్తము. 2002లో వెలువడిన వార్‌క్రాఫ్ట్ 3, 2020 జనవరిలో రీఫోర్జ్‌డ్ అను పేర మఱల వచ్చినది. ఇందు ది కల్లింగ్ అను మిషను ప్రసిద్ధము. రాజకుమారుడైన ఆర్థస్ స్ట్రాథోల్మ్ నగరమునకు వచ్చును. అచటి ప్రజలు విషధాన్యమును తిని ప్రేతములుగా మాఱనున్నారు. వారు మాఱకమునుపే వారిని చంపుమని కుమారుడు ఆజ్ఞాపించును. గురుతుల్యుడైన ఊథర్ కాదనును. జైనా విడిచిపోవును. అటుపిమ్మట ఆటగాడు ఇండ్లను కూల్చి, వెలుపలికి వచ్చినవారిని చంపవలెను. మాల్‌గానిస్ అను రాక్షసుడు 100 మందిని వశపఱచుకొనకమునుపే తాను 100 లెక్క పూర్తిచేయవలెను. ఈ మిషను గొప్పతనము మాటలలో లేదు, లెక్కలో నున్నది. తొందరలో ఆటగాడు ధర్మసందేహమును మఱచి, రాక్షసునితో పోటీపడుచు తానును సంఖ్యలను పెంచుకొనుచుండును. రాజకుమారుని పతనము కథకుడు చెప్పగా వినునది కాదు, ఆటగాని చేతితోనే జరుగునది.

క్రొత్త ప్రతిలో ఈ నగరపు వీధులే మాఱినవి. 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇదే నగరము వేఱొక నిర్మాణముతో నుండెను. ఆ తరువాతి రూపమున కనుగుణముగా ముందటి నగరమును దిద్దిరి. రచన కంతటికి ఏకవాక్యత చేకూర్చుటకే ఇట్లు చేసితిమని వారనవచ్చును. కాని తిక్కన పర్వములను చదివి, వానికి పొసగునట్లు నన్నయ పాఠమును దిద్దిన లేఖకుని మనమేమందుము? పూర్వకృతి ఉత్తరకృతిని ఎఱుగదు. ఆ యెఱుగమియే దాని స్వరూపము. లెక్క 100గనే యున్నది, కథ యదియే, కాని ఏ యింటినుండి ఏ యింటికి పోవలెనను నిర్ణయము మాఱినందున ఆట నడక మాఱినది. అరుగుమీద గీత చెఱిపినట్లైనది.

ఇంతకంటె పెద్దలోపము వేఱొకటి. 2018లో ఈ ప్రతిని ప్రకటించినపుడు నాలుగు గంటలకు మించిన కథాదృశ్యములను నూతనముగా తీర్చిదిద్దెదమని చెప్పిరి. ఈ మిషను ప్రారంభదృశ్యమునే మచ్చునకు చూపిరి. వెలువడిన ప్రతిలో దృశ్యములు చాలవఱకు పాతపద్ధతిననే యుండెను. మూలమునుండి దూరముగా పోరాదని తలచితిమని వారు సమాధానము చెప్పుకొనిరి, కోరినవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి. వీధులను మార్చుటకు అడ్డురాని మూలభక్తి దృశ్యముల యెడ మాత్రము అడ్డువచ్చుట మాకు వింతగా నున్నది. అదియు నట్లుండగా, పాత క్రీడను కొని అంతర్జాలమున ఆడుచుండిన వారికిని క్రొత్త ప్రతియే దిక్కైనది. అభిమానులు స్వయముగా కూర్చుకొనిన క్యాంపెయినులను నడుపు సదుపాయము తొలివిడుదలలో లేకపోయెను. పరిష్కృతి మూలము ప్రక్కన కూర్చుండలేదు, మూలము పీటమీద కూర్చుండెను.

నాలుగవది మన దేశమునకు సంబంధించినది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అను క్రీడను ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 1999లో వెలువరించినది. 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చినది. మూలమున పొలము కొంతకాలము పండి తీఱిపోవును. ఆటగాడు కోటముట్టడిని విడిచి వచ్చి, కఱ్ఱ వెచ్చించి, మఱల పొలము వేయించవలెను. 2000లో వచ్చిన అనుబంధమున ముందుగనే వరుస కట్టి విత్తుటకు వీలు కలిగినది. 2019 ప్రతిలో పొలము తనంతట తానే మఱల విత్తుకొనును. చూచుటకిది స్వల్పసౌకర్యము. కాని సార్వా దాళ్వాల నడుమ బ్రదుకు మా ప్రాంతము వారికి దీని యర్థము తెలియకపోదు. జోన్ ఆఫ్ ఆర్క్ మిషనులలో గాని సలాదిన్ మిషనులలో గాని సేనాపతి జయించుచుండగా వెనుక ఊరిలో పొలము బీడుపడుట, యుద్ధమునకును సేద్యమునకును గల వైరమును ఉపన్యాసము లేకయే తెలుపుచుండెను. క్రొత్త ప్రతిలో ఆ బాధ తీఱినది, దానితో ఆ భావమును పలుచనైనది. ఐనను ఇష్టము లేనివాడు ఈ సౌకర్యమును ఆపుకొనవచ్చును. కావున దీనిని దోషమనము, ఐచ్ఛికమైన పాఠభేదమందుము.

ఈ క్రీడయొక్క 1999 మూలమున భారతదేశపు సేనయే లేదు. అభిమానుల కూర్పుగా మొదలై, 2013లో అధికారికముగా వెలువడిన ది ఫర్గాటెన్ అను అనుబంధమున ఇండియన్లు అను ఒక్కపేరుతో దేశమంతయు చేరినది. పృథ్వీరాజు క్యాంపెయినును ఆ పేరుతోనే ఆడవలసియుండెను. 2022 ఏప్రిలులో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వెలువడి ఆ ఒక్కపేరును విడదీసినది. హిందుస్థానీలు, గూర్జరులు, ద్రావిడులు, బంగాళీలు వేఱువేఱైరి. పృథ్వీరాజు గూర్జరుల పక్షమున చేరెను. రాజేంద్రచోళుని క్యాంపెయిను నూతనముగా వచ్చినది. ఆ రాజేంద్రుని కూతురు అమ్మంగదేవి. ఆమె భర్తయే నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడు. ఏలూరు చెంతనున్న పెదవేగి పూర్వపు వేంగి యని తలచుకొనినపుడు ఈ మార్పు మాకు కేవలము పేరుమార్పుగా తోపదు.

ఇది కట్టడిని మార్చిన మార్పే. సేన మాఱగా అవే మిషనులలో బలములు, బలహీనతలు మాఱినవి. మఱి స్ట్రాథోల్మ్ వీధులను నిందించిన మేము దీనినేల మెచ్చుకొందుము? కారణము స్పష్టము. అచట దిద్దబడినది కల్పితనగరము, దానికి మూలకర్త గీసిన గీతయే ప్రమాణము. ఇచట దిద్దబడినది చరిత్ర, దానికి ప్రమాణము క్రీడకు వెలుపల నున్నది. కవి తన కల్పనలో చేసినదానిని పరిష్కర్త దిద్దరాదు. శాసనపాఠమును తప్పుగా చదివినచో దిద్దకుండరాదు.

మూలమును దేవతార్చనగా చేయుచున్నారని మమ్ము నాక్షేపింపవచ్చును. పాతక్రీడలలో లోపములుండెను. కమాండ్ అండ్ కాంకర్ మూలమున శత్రువు ఇసుకబస్తాల గోడను కొట్టనెఱుగడు గాన, బస్తాలతోనే వాని శిబిరమును బంధింపవచ్చునని నాటి ఆటగాండ్రందఱు నెఱుగుదురు. అట్టి లోపములను దిద్దుట తప్పని మేమనము. దిద్దినచోట దిద్దితినని చెప్పవలెను, దిద్దకమునుపటి దానిని చూపవలెను, చూడగోరువానికి అది దొరకునట్లు చేయవలెను. ఈ మూడును జరిగినచో ఎంత మార్పైనను విమర్శకు లోబడియుండును. జరుగనిచో స్వల్పమైన మార్పైనను విమర్శకు అందకుండపోవును, ఏలయన పోల్చుటకు రెండవది యుండదు.

కొల్లేటి సరస్సులో 2006లో చేపలచెఱువుల గట్లను కొట్టివేసిన సంగతి ఈ ప్రాంతమువారికి తెలిసినదే. దానివలన సరస్సునకెంత మేలు కలిగినది, జనులకెంత కష్టము కలిగినది అను చర్చ యిచట మా పని కాదు. ఆ పని సాధ్యమగుటకు ఒక గుర్తు మాత్రముండెను. సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తున పోవు ఐదవ కాంటూరు గీత ననుసరించి 1999లో అభయారణ్యపు హద్దును నిర్ణయించియుండిరి. ఆ గీత లేనిచో ఏది సరస్సో ఏది చెఱువో చెప్పగలవా రుండెడివారు కారు. క్రీడలకు మూలప్రతి యట్టి గీత. మండవల్లి తమ్ముడడిగిన పాతదారులను ఆ యన్న చూపగలిగిననాడే, క్రొత్తదారులు మేలో కాదో వారిరువురును నిర్ణయించుకొనగలరు.