‘నార్మల్’ ఎవరి మాట?

ఈమధ్య మా నల్లగొండ, పాలమూరు ప్రాంతాల కథల్లో ‘పరిస్థితి నార్మల్’ అనే మాట తరచూ ఎదురవుతున్నది. ఘర్షణకూ ఘర్షణకూ నడుమ ఉన్న ఏళ్లను రచయిత ఈ ఒక్క మాటతో దాటేస్తున్నాడు. తెలుగు పాఠం చెప్పేవాణ్ని గనుక ఇంగ్లీషు మీద కోపమనుకోవద్దు. బస్సు, స్కూలు, కచేరి, తాసీలు అన్నీ మన భాషలో ఇమిడిపోయినవే. నా అభ్యంతరమల్లా ఆ మాట వెంట వచ్చే చూపు మీదనే.

అది ప్రభుత్వ నివేదికల భాష. వాతావరణ శాఖ లెక్కలో సగటుకు 19 శాతం దాకా తక్కువ పడ్డా ఆ వర్షపాతం ‘నార్మల్’ కిందికే వస్తుంది. వానాధారపు చెలకలో ఆముదం వేసిన రైతుకు వాన ఎప్పుడు పడిందన్నది ముఖ్యం. సగటు ఆ సంగతి చెప్పదు. అట్లాగే, పిల్లల్ని ముసలివాళ్లకు అప్పగించి కూలిజనం వలసపోయిన పాలమూరు పల్లె ప్రశాంతంగానే కనబడుతుంది. తగాదా పడేందుకు మనుషులుంటే గదా!

1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. అంతకు ముందరి ఏళ్లను ‘నార్మల్’ అనదలిస్తే వెట్టినీ, అక్రమ వసూళ్లనూ, ఆడబాప దురాచారాన్నీ కూడా నార్మల్ అనవలసి వస్తుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలకు సరిగ్గా ఆ కాలాన్నే వస్తువుగా తీసుకున్నాడు. తర్వాతి ‘మోదుగుపూలు’లోని పోరాటానికి వేళ్లు అక్కడ ఉన్నాయి.

పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కనబెట్టి జనం తిండీ బట్టా, ఆటలూ పండుగలూ, నమ్మకాలూ వివరించాడు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన తొలి బహుమతి ఆ గ్రంథానికే దక్కింది. ‘ఏమీ జరగని’ కాలంలో రాయవలసినది ఎంత ఉందో అది చదివితే తెలుస్తుంది.

మా పల్లెల్లో దీనికి వేరే మాట ఉంది: నిమ్మళం. ‘ఇప్పుడు జర నిమ్మళంగున్నం’ అంటే అప్పు తీరిందనో, జ్వరం తగ్గిందనో, బిడ్డ కాపురం కుదురుకుందనో అర్థం. నిమ్మళానికి మనిషి ఉంటాడు, కారణం ఉంటుంది, వెనక ఒక బాధ ఉంటుంది. ‘నార్మల్’కు ఇవేవీ అక్కర్లేదు.

పాత్ర పోలీసు అధికారి అయితే ఆ మాట అతని నోట ఉండనీయండి, అక్కడది సహజం. కథకుడు తన గొంతుతో చెప్పేటప్పుడు మాత్రం, ఆ ఏళ్లలో ఎవరు నిమ్మళంగా ఉన్నారో, ఎవరి కష్టం మీద ఉన్నారో రాయాలి. అసలు కథ అక్కడ దొరకవచ్చు.