కథలో చుక్క

విజయవాడ దాటి అరగంటయ్యేసరికి బస్సులో లైట్లు తీసేశారు. ఈ కాలమ్ రాసే మనిషి ఒళ్లో ఉన్న లావుపాటి పుస్తకాన్ని మూసి, అదే పుస్తకాన్ని ఫోన్లో తెరిచాడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. ఒళ్లో ఉన్నది అచ్చు ప్రతి. చేతిలో ఉన్నది ఎవరో ఎప్పుడో పాత ప్రతిని స్కాన్ చేసిన పీడీఎఫ్. రెండింటి పేజీ నెంబర్లూ కలవవు కాబట్టి ఆగిన చోటు వెతుక్కోవటానికే పది నిమిషాలు పట్టింది. దొరికాక రెండు వేళ్లతో పేజీని సాగదీస్తే ప్రతి పంక్తిలోనూ సగం తెర అవతలికి పోయింది. వదిలేస్తే అక్షరాలు చీమల బారులా కనిపించాయి. ‘కథ’ అన్న మాట ‘కధ’ అయిపోయింది. థ పొట్టలో ఉండాల్సిన చుక్క కనపడటం లేదు.

ఆ చుక్క ఎటు పోయిందో లెక్క వేస్తే తెలుస్తుంది. మన పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ సైజులో వస్తాయి. పేజీ వెడల్పు దాదాపు ఐదున్నర అంగుళాలు. మామూలు ఫోన్ తెర వెడల్పు మూడు అంగుళాలు కూడా ఉండదు. పేజీ మొత్తాన్ని అందులో ఇరికిస్తే 12 పాయింట్ల అక్షరం ఆరు పాయింట్లకు దిగుతుంది. ఇంగ్లిషు అక్షరం ఒక వరసలో నిలబడుతుంది కాబట్టి అంత చిన్నదైనా ఎలాగో పోల్చుకోవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ లాంటి మాటలో ఒత్తుకు తోడు మరో ఒత్తు. ఆరు పాయింట్లలో అవన్నీ కలిసి ఒక మచ్చ అవుతాయి.

ఈబుక్ మేలా, అచ్చు పుస్తకం మేలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ సంగతి పక్కకు పోతుంది. తెలుగు పాఠకుడు చాలాసార్లు పోలుస్తున్నది పుస్తకాన్ని దాని ఫొటోతో. అసలైన ఈబుక్ అతని చేతికి వచ్చింది చాలా తక్కువ.

అసలైన ఈబుక్కులో పేజీకి స్థిరమైన రూపం ఉండదు. పాఠం నీళ్లలాంటిది, ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారానికి వస్తుంది. అక్షరం సైజు పెంచితే పంక్తులు వాటంతటవే సర్దుకుంటాయి. చత్వారం వచ్చిన తాతగారికి పెద్ద అక్షరం, మనవరాలికి చిన్న అక్షరం, పుస్తకం మాత్రం ఒకటే. అమెజాన్ కంపెనీ 2007 నవంబరులో కిండిల్‌ను 399 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు మొదటి సరుకు ఐదున్నర గంటల్లో అయిపోయింది. దాని తెర ఫోన్ తెరలాంటిది కాదు. వెంట్రుక మందం గుళికల్లో నల్లటి, తెల్లటి రేణువులు ఉంటాయి. విద్యుత్తు తగిలితే ఒక రంగువి పైకొస్తాయి, రెండో రంగువి అడుక్కి పోతాయి. పేజీ మారేటప్పుడే కరెంటు ఖర్చు. ఒకసారి తేలిన అక్షరం కాగితం మీది సిరాలాగే అలా ఉండిపోతుంది. ఎండలో కూర్చున్నా చదువుకోవచ్చు.

2016 చివర్లో కిండిల్ స్టోర్ హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు తలుపులు తీసింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. కోట్ల మంది మాట్లాడే భాషకు ఆ జాబితాలో చోటు లేకపోవటం పుస్తకాల మీద ప్రేమ ఉన్న ప్రతి తెలుగువాడినీ నొప్పించే విషయం. మన ప్రయత్నాలు లేవని కాదు. హైదరాబాద్ నుంచి 2010లో మొదలైన కినిగె తెలుగు ఈబుక్కులను అమ్మటమే కాక అద్దెకూ ఇచ్చింది. దూరదేశాల్లో ఉన్నవాళ్లు కొత్త నవలను విడుదలైన వారంలోనే చదవగలిగారంటే అలాంటి ప్రయత్నాల చలవే. అమెరికా విమానంలో సామానుగా వేసే పెట్టెకు 23 కిలోలే అనుమతి. ఆవకాయ సీసా పెట్టాక అందులో పుస్తకాలకు ఎంత చోటు మిగులుతుందో, పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులందరికీ తెలుసు.

చిక్కు మన కంపోజింగ్‌లో ఉంది. తెలుగు పుస్తకాలు దశాబ్దాలుగా పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో తయారవుతున్నాయి. కాగితం మీద ఆ అక్షరం నిండుగా, కంటికి ఇంపుగా ఉంటుంది. లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి, తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు మరోచోట. ఆ ఫైల్లోంచి ఒక పేరా తీసి వేరేచోట పెడితే అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాల కుప్ప పడుతుంది. ప్రతి భాష అక్షరాలకూ విడి స్థానాలిచ్చే యూనికోడ్ దారి వేరు. 1991 నుంచీ అందులో తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి. ‘లక్ష్మి’ అని రాస్తే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులు వరసగా నిలుస్తాయి. వాటిని కలిపి రెండక్షరాలుగా చూపించే బాధ్యత ఫాంటుది. ఆ ఏడూ వరసలో ఉంటేనే మాటను వెతకగలం, అక్షరాన్ని పెంచగలం, ఫోన్ చేత పైకి చదివించుకోగలం.

ఆ చివరి మాట తేలిగ్గా దాటిపోయేది కాదు. చూపు లేని పాఠకుడికి పేజీ ఫొటో అంటే ఖాళీ కాగితం. అలాంటివారికి పుస్తకాలు అందించటం కోసం ప్రపంచ దేశాలు 2013లో మరకేష్ ఒప్పందం చేసుకుంటే, దాన్ని అందరికంటే ముందు, 2014లోనే ఆమోదించింది భారతదేశం. 2016లో సుగమ్య పుస్తకాలయ పేరుతో వాళ్ల కోసం ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా తెరిచారు. ఒక ప్రచురణకర్త తన పుస్తకాన్ని యూనికోడ్‌లో కంపోజ్ చేయిస్తే, చీకట్లో ఉన్న పాఠకుడికి ఒక తలుపు తెరిచినట్టే.

స్కాన్లకు చెయ్యెత్తి నమస్కరించాల్సిన రుణమూ ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాల్ని కంప్యూటర్లోకి ఎక్కించాలన్న పథకానికి నాయకత్వం వహించారు. ఆ పనిలో మన దేశపు వాటాయే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకున్నాయి. వేలాది తెలుగు పుస్తకాలు చెదలకు, చెమ్మకు పోకుండా నిలిచాయి. తర్వాత ఆ సైట్ ఆగిపోయినా చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. కొన్నిటికి పేజీలు వంకరగా వచ్చాయి, కొన్నిటి పేర్లు ఇంగ్లిషు స్పెల్లింగులో గుర్తుపట్టలేనట్టు మారాయి. అయినా, ఒకప్పుడు ఒక పాత పుస్తకం చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం దాకా రైలెక్కాల్సిన పరిశోధకుడు ఇప్పుడు ఇంట్లో కూర్చుని తెరవగలుగుతున్నాడు. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు అరమారలో ఒక అర మొత్తం ఆక్రమిస్తాయి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో మాట కొడితే అందులోని అర్థం క్షణంలో వస్తుంది.

పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్నది ఈ నేలకు కొత్త కాదు. 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఒడ్డున నిలబడిన రైతుకు పడవ ఎలాంటిదో, డాలస్‌లో ఉన్న తెలుగమ్మాయికి ఈబుక్ అలాంటిది.

ఇన్ని చెప్పుకున్నాక కూడా, తీరిగ్గా చదవాల్సి వస్తే ఈ కాలమిస్టు చెయ్యి కాగితం వైపే పోతుంది. అది అలవాటు ఒక్కటే కాదని పరిశోధనలూ చెబుతున్నాయి. నార్వేలో 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో పదో తరగతి పిల్లలు 72 మందికి ఒకే పాఠాలిచ్చారు, కొందరికి అచ్చులో, కొందరికి కంప్యూటర్ తెర మీద పీడీఎఫ్‌గా. అచ్చులో చదివినవాళ్లే బాగా అర్థం చేసుకున్నారు. 2018లో స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు 54 అధ్యయనాలను, లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూశారు. సమాచారం నిండిన పాఠాల్లో, అందులోనూ సమయం తక్కువగా ఉన్నప్పుడు, కాగితానిది పైచెయ్యి. కథల దగ్గరికి వచ్చేసరికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పరీక్షకు చదివే పిల్లవాడికి పాఠ్యపుస్తకం ఫొటోలు వాట్సాప్‌లో పంపి సరిపెట్టేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన ఫలితం ఇది.

కాగితానికి బరువు ఉంది, ఆ బరువు జ్ఞాపకానికి సాయపడుతుంది. శ్రీపాద పుస్తకంలో తనకు నచ్చిన ఘట్టం ఎడమచేతి వైపు పేజీలో, కింది భాగాన ఉందని ఈ కాలమిస్టుకు గుర్తు. అప్పటికి ఎడమచేతిలో పేజీలు ఎంత మందాన ఉన్నాయో వేళ్లకు గుర్తు. ఆ ప్రతిని అతను ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నాడు. మొదటి పేజీలో నీలం సిరాతో ఎవరిదో పొడి అక్షరాల సంతకం, మధ్యలో గుర్తుకు పెట్టిన పాత బస్సు టిక్కెట్టు, అక్కడక్కడా పెన్సిల్ గీతలు. ఆ తెలియని పాఠకుడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ మనసు కదిలి గీత గీశాడో కనిపిస్తూనే ఉంటుంది.

అచ్చు పుస్తకం కొన్నవాడిది. ఈబుక్కుకు ఆ భరోసా ఉండదు. 2009 జులైలో జార్జ్ ఆర్వెల్ ‘1984’, ‘యానిమల్ ఫామ్’ ప్రతుల్ని హక్కుల గొడవ వల్ల అమెజాన్ పాఠకుల కిండిల్‌లలోంచి దూరం నుంచే తుడిచేసింది. డబ్బు తిరిగొచ్చింది, తర్వాత సంస్థ అధిపతి క్షమాపణా చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ ఈబుక్ దుకాణం మూసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ పోయాయి. మన దగ్గర పన్నులోనూ తేడా ఉంది. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. అచ్చు రూపం ఉన్న ఈబుక్కు మీద 18 శాతాన్ని 2018లో 5 శాతానికి తగ్గించారు. అచ్చు పుస్తకానికీ దాని కష్టాలున్నాయి. 2024 డిసెంబరులో తపాలా శాఖ చవకైన రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఆపేస్తే చిన్న ప్రచురణకర్తలకు చేయి విరిగినట్టయింది. 2025 మే 1న పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం.

శ్రీపాద 1961లో పోయారు. రచయిత మరణించాక అరవై ఏళ్లు కాపీహక్కు ఉంటుంది కాబట్టి 2022 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. వాటిని స్కాన్లుగా వదిలేయకుండా చక్కటి యూనికోడ్ పాఠంగా మార్చటానికి అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. చేసే చేతులే కావాలి. కొన్ని చేతులు ఆ పనిలో ఉన్నాయి కూడా. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలను స్వచ్ఛందంగా అచ్చుదిద్దుతున్నారు. తెర మీద ఒక పక్క పేజీ బొమ్మ, మరో పక్క యంత్రం గుర్తుపట్టిన పాఠం. దిద్దని పేజీ ఎర్రరంగులో ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ.

బస్సు ప్రయాణం తర్వాతి ఆదివారం ఈ కాలమిస్టు అక్కడ ఒక పాత కథల పుస్తకంలో పేజీ తెరిచాడు. యంత్రం మూడు చోట్ల ‘కధ’ అని చదివింది. బొమ్మను బాగా పెద్దది చేసి చూస్తే రెండు చోట్ల థ పొట్టలో చుక్క సన్నగా ఉంది. అక్కడ దిద్దాడు. మూడోచోట ఆనాటి అచ్చులోనే చుక్క లేదు. దాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచాడు. నలభై నిమిషాలకు పేజీ ఎరుపు నుంచి పసుపుకు మారింది. దాని కింద ఇంకా నూట పన్నెండు ఎర్ర పేజీలున్నాయి.