చెదపుట్టయు చల్లని భవనమును

ప్రకృతిని చూచి మానవుడు నేర్చుకొన్న విద్యలను గూర్చిన పుస్తకములలో ఒక కథ తరచుగా కనిపించుచుండును. ఆఫ్రికాలోని చెదపురుగులు, బయట ఎంత ఎండ కాసినను, ఎంత చలి వేసినను, తమ పుట్టల లోపలి ఉష్ణోగ్రతను 31 సెంటీగ్రేడు డిగ్రీల వద్దనే నిలుపుకొనుననియు, ఆ రహస్యమును గ్రహించిన ఒక వాస్తుశిల్పి జింబాబ్వే రాజధానియగు హరారేలో శీతలీకరణ యంత్రములు లేని పెద్ద భవనమును కట్టెననియు, సాధారణ భవనములకు పట్టు శక్తిలో పదవ వంతు మాత్రమే దానికి చాలుననియు ఆ కథ సారాంశము. తరగతిలో చెప్పినచో విద్యార్థులు చెవులప్పగించి విందురు. ఐతే కథ ఇంపుగా నున్నంత మాత్రమున శాస్త్రము కాజాలదు. ఇందులో మూడు మాటలున్నవి. భవనమును గూర్చి ఒకటి, పుట్టను గూర్చి ఒకటి, పొదుపును గూర్చి మరియొకటి. మూడింటిని విడివిడిగా పరీక్షించుట మంచిది.

ముందుగా భవనము సంగతి. ఈస్ట్‌గేట్ సెంటర్ అను ఈ కట్టడము 1996లో పూర్తియైనది. వాస్తుశిల్పి మిక్ పియర్స్; ఇంజనీరింగు పనిని నిర్వహించినది అరూప్ సంస్థ. తొమ్మిదేసి అంతస్తుల పొడవైన భాగములు రెండు, వాని నడుమ అద్దపు కప్పు గల ఆవరణము ఒకటి ఇందులో గలవు. ఆవరణములోని గాలిని పంఖాలు లాగి నిలువు దారుల గుండ పైకి నెట్టును. ఆ గాలి ప్రతి అంతస్తులోను నేల అడుగున నున్న బోలు అరలలో ప్రయాణించి, కిటికీల క్రింది భాగమున గదిలోనికి ప్రవేశించును. మనుష్యుల వలనను, దీపముల వలనను, యంత్రముల వలనను వేడెక్కి తేలికయై పైకి లేచి, కప్పు దగ్గరి రంధ్రముల గుండ పోయి, మిద్దెపై నున్న పొగగొట్టముల వంటి గొట్టముల నుండి బయటపడును. గదులలోని గాలి పగటివేళ గంటకు సుమారు 2 మారులు, రాత్రివేళ సుమారు 10 మారులు పూర్తిగా మారునట్లు ఏర్పాటు చేయబడినది.

రాత్రి అంత గాలి ఎందులకు? ఇచటనే ఈ భవనపు అసలు కీలకమున్నది. ఒక ఘనపు మీటరు కాంక్రీటును ఒక డిగ్రీ వేడిచేయుటకు పట్టు ఉష్ణముతో సుమారు 1,700 ఘనపు మీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడిచేయవచ్చును. అనగా కాంక్రీటు ఉష్ణమును దాచుకొను గాదె వంటిది. గాలి దానిని మోసికొనిపోవు చిన్న బుట్ట వంటిది. పగలు నిండిన గాదెను తెల్లవారులోగా ఖాళీచేయవలెనన్నచో బుట్టలు పెక్కు మారులు తిరుగవలెను. అట్లు చల్లబడిన కాంక్రీటు మరునాటి పగటి వేడిని పీల్చుకొనగలదు. ఇందులో మంత్రమేమియు లేదు. ఉన్నత పాఠశాలలో చెప్పు విశిష్టోష్ణ పాఠమే ఇచట భవనమైనది.

ఇక పుట్ట సంగతి. 1961లో స్విట్జర్లాండు దేశీయుడగు మార్టిన్ లూషర్ ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. గూటిలో పుట్టిన వేడికి గాలి నడుమ దారిన పైకి లేచి, పుట్ట గోడలలోని సన్నని దారుల గుండ క్రిందికి దిగుచు, బొగ్గుపులుసు గాలిని విడిచి ప్రాణవాయువును గ్రహించుననునది ఆయన సిద్ధాంతము. పుట్ట ఒక శీతలీకరణ యంత్రమను అభిప్రాయము దీనితో బలపడినది.

తరువాతి కొలతలు ఈ అభిప్రాయమును నిలువనీయలేదు. స్కాట్ టర్నర్, రూపర్ట్ సోర్ అను శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిన వ్యాసములో, గూటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునను ఒకే తీరున నుండదనియు, చుట్టునున్న నేలతో పాటు శీతకాలమునకును వేసవికిని నడుమ 15 డిగ్రీలకు పైగా మారుచున్నదనియు తెలిపిరి. రాత్రింబగళ్ల నడుమ మార్పు స్వల్పముగా నుండుటకు కారణము గాలి ప్రసారము కాదు. గూడు మట్టిలో పాతుకొని యుండుటయే. లోతైన గోతిలో దించిన ఉష్ణమాపకము కూడ అదే నిలుకడను చూపును. పుట్ట ముఖ్యముగా ఊపిరితిత్తి వంటిది. దాని పని చల్లబరచుట కాదు, శ్వాసించుట.

2015లో హంటర్ కింగ్, శామ్యూల్ ఓకో, మహదేవన్ అనువారు బెంగుళూరులోని పుట్టలను పరిశీలించి మరియొక విశేషమును బయటపెట్టిరి. పగటి ఎండకు పుట్ట అంచుల సన్నని భాగములు నడిమి భాగము కంటె ముందుగా వేడెక్కును. గాలి అంచులలో పైకి, నడుమ క్రిందికి నడచును. రాత్రి అంచులు ముందుగా చల్లబడును, ప్రవాహము తిరుగబడును. పగలు లోపల పేరుకొన్న బొగ్గుపులుసు గాలి రాత్రి తొలగిపోవును. ఈ ఇంజను లోపలి వేడితో గాక, రాత్రింబగళ్ల తేడాతో నడచుచున్నది. మన దేశపు పొలము గట్లపై కనిపించు పుట్టలలో ఇంత శాస్త్రము దాగియుండగా, ఆఫ్రికా కట్టుకథను వల్లించుట ఏల?

మూడవది పొదుపు. పదవ వంతు శక్తితో భవనము నడచునను మాటను ఒక చిన్న ప్రశ్నతో తూచవచ్చును: ఏ మొత్తములో పదవ వంతు? దీపములు, లిఫ్టులు, కార్యాలయ యంత్రములు ఏ భవనములోనైన విద్యుత్తును వాడును. శీతలీకరణ యంత్రములను తీసివేసినంత మాత్రమున ఆ ఖర్చు పోదు. కనుక భవనము మొత్తము ఖర్చు పదవ వంతునకు దిగుట నమ్మశక్యము కాదు. హరారేలో పూర్తి శీతలీకరణ గల ఆరు భవనముల సగటుతో పోల్చినప్పుడు ఈస్ట్‌గేట్ మొత్తము శక్తి వాడకము 35 శాతము తక్కువయని ఇంజనీర్ల లెక్క. ఇది గొప్ప విజయమే. మూడవ వంతుకు మించిన పొదుపును దాచి తొమ్మిది పదులు పొదుపని చాటువారు భవనమునకు మేలు చేయుట లేదు. నిజము తెలిసిననాడు చదువరికి ఉన్న నమ్మకము కూడ పోవును.

ఇది కేవలము మాటల పట్టింపు కాదు. పుట్ట ఆకారమే చల్లదనమునకు మూలమని నమ్మినవారు అట్టి గొట్టములను ఏ ఊరిలోనైన కట్టవచ్చునని భ్రమపడుదురు. హరారే సముద్రమట్టమునకు సుమారు 1,490 మీటర్ల ఎత్తున నున్నది. అచట వేడి ఎక్కువగా నుండు అక్టోబరులో సగటున పగలు 29, రాత్రి 15 డిగ్రీలు. అట్టి రాత్రి గాలి గాదెను ఖాళీచేయగలదు. హైదరాబాదులో మే నెలలో పగటికిని రాత్రికిని సుమారు 13 డిగ్రీల తేడా ఉన్నను, రాత్రి కనిష్ఠమే 26 దరిదాపుల నుండును. కావున లాభము కొంతయే. విశాఖపట్టణములో తేడా సుమారు 8 డిగ్రీలే, పైగా ఉక్కపోత. తేమను కాంక్రీటు తొలగింపలేదు. అచట రాత్రి గాలిని నిలువచేయుట కంటె, కిటికీలకు నీడ కల్పించి, సముద్రపు గాలి ఇంటికి అడ్డముగా వీచిపోవునట్లు ఎదురెదురుగా ద్వారములుంచుట మేలు.

ఐనను పియర్స్ కృషిని తక్కువచేయుట తగదు. తప్పు సిద్ధాంతము నుండి ఊహ పుట్టినను, భవనము నిలిచినది సరియైన భౌతికశాస్త్రముపైననే. ఊహ ఎచట నుండియైన రావచ్చును. రుజువు మాత్రము కొలత నుండియే రావలెను. ఉపాధ్యాయులు ఈ కథను మానవలసిన పని లేదు. దిద్ది చెప్పిన చాలును. గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకములు రెండు తెచ్చి, ఒకటి తరగతి గదిలోను, ఒకటి బయట నీడలోను ఉంచి, విద్యార్థులచే ఒక నెల లెక్క వ్రాయించినచో, తమ ఊరి రాత్రి గాలి తమ బడిని ఎంతవరకు చల్లబరచగలదో వారే తేల్చుకొందురు.