పదిహేను రంధ్రాల బొమ్మ

సూరత్‌లో సాంచా (మరమగ్గం) నడిపే తెలుగువాడికి ఐమాక్స్ ప్రొజెక్టర్ ఎలా పనిచేస్తుందో చెప్పడం సులువు. వరంగల్, కరీంనగర్, నల్గొండల నుంచి వచ్చి లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడ్డ పద్మశాలీలు తరాలుగా మగ్గాల మధ్యే బతుకుతున్నారు. నగరపాలక సంస్థ వాళ్ళ పిల్లల కోసం తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. పడుగు ఎప్పుడు సాగుతుందో, ఎప్పుడు ఆగుతుందో, నాడె ఏ క్షణాన అటు నుంచి ఇటు దూకుతుందో వాళ్ళకు చప్పుడు వింటేనే తెలిసిపోతుంది. సినిమా యంత్రం ఈ గుడ్డ యంత్రాలకు దగ్గరి చుట్టం. 1895లో లూమియే సోదరులు ఫిల్మ్‌ను ఆపి ఆపి కదిపే ఉపాయాన్ని కుట్టుమిషన్ నుంచే తీసుకున్నారు. సూది గుడ్డలో దిగి ఉన్నంతసేపూ గుడ్డ కదలదు, సూది పైకి లేచాకే ముందుకు జరుగుతుంది. ఫిల్మూ అంతే. వెలుగు పడుతున్నంతసేపూ బొమ్మ కదలకుండా నిలబడాలి. మూత పడి చీకటయిన రెప్పపాటులో తరవాతి బొమ్మ వచ్చి ఆ చోట కూర్చోవాలి. ఇదంతా సెకనుకు 24 సార్లు జరగాలి.

ఆ బొమ్మను పదింతలు పెద్దది చేస్తే ఈ ఆపడం, కదపడం ఎలా సాధ్యమన్నదే ఐమాక్స్ కథ.

సూరత్ వాళ్ళు పిల్లల్ని తీసుకుని అహ్మదాబాద్ సైన్స్ సిటీకి వెళుతుంటారు. గుజరాత్ ప్రభుత్వం భవిష్యత్తును చూపించాలని కట్టిన ఉద్యానం అది. 2021 జులైలో అక్కడ ఆక్వాటిక్ గ్యాలరీ, రోబోటిక్ గ్యాలరీ మొదలయ్యాయి. ఇప్పుడు పిల్లలు సొరచేపల గురించీ, పళ్ళెం పట్టుకొచ్చే రోబో గురించీ అడుగుతారు. వాళ్ళ తల్లిదండ్రుల జ్ఞాపకంలో మాత్రం సైన్స్ సిటీ అంటే ఐమాక్స్ త్రీడీ థియేటర్. హైదరాబాద్ వాళ్ళకు ఇలాంటి జ్ఞాపకమే ఇంకాస్త గాఢంగా, బెంగగా ఉంది. నెక్లెస్ రోడ్డు మీద 2003 జులైలో తెరిచిన ప్రసాద్స్ ఐమాక్స్‌లో 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు ఉన్న తెర ముందు తొలిసారి కూర్చున్నవాళ్ళు దాన్ని సినిమా చూడ్డంగా చెప్పుకోరు, ఎక్కడికో వెళ్ళొచ్చినట్టు చెప్పుకుంటారు. చాలామంది ఆ తెర పెద్దదనాన్నే తలుచుకుంటారు. నన్నడిగితే, పోయింది తెర కాదు. తెరలు ఇప్పటికీ పెద్దవే కడుతున్నారు. పోయింది వెనక గదిలోని యంత్రం, దాన్ని నడపడం తెలిసిన చెయ్యి.

ఈ యంత్రం పుట్టింది కూడా సినిమాహాల్లో కాదు, ప్రదర్శనల్లో. 1967లో కెనడాలోని మాంట్రియాల్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఎక్కడ చూసినా ఒకేసారి అనేక తెరల మీద ఆడే సినిమాలే. చూసేవాళ్ళకు వింత, ఆడించేవాళ్ళకు నరకం. అన్ని ప్రొజెక్టర్లు ఒకే లయలో నడవాలి, ఒకటి వెనకబడితే మొత్తం చెడుతుంది. అక్కడ సినిమాలు చేసిన గ్రేమ్ ఫెర్గూసన్, రోమన్ క్రోయిటర్‌లు ఇన్ని చిన్న యంత్రాల బదులు ఒక్క పెద్ద యంత్రం చాలదా అనుకున్నారు. ఫెర్గూసన్‌కు ఒంటారియోలోని గాల్ట్ అనే ఊళ్ళో బడి నాటి స్నేహితులైన రాబర్ట్ కెర్, విలియం షా తోడయ్యారు. షా ఇంజనీరు. 1970లో ఒసాకా ప్రదర్శనలో, గాలి నింపిన గొట్టాలతో నిలబెట్టిన ఫుజి పెవిలియన్‌లో వాళ్ళ తొలి చిత్రం 'టైగర్ చైల్డ్' ఆడింది. మరుసటి ఏడాది టొరంటోలో సరస్సు ఒడ్డున కట్టిన ఒంటారియో ప్లేస్ అనే వినోద ఉద్యానంలో, సినీస్ఫియర్ అనే తెల్లటి గోళంలో శాశ్వతంగా నెలకొన్న మొదటి ఐమాక్స్ థియేటర్ వచ్చింది.

ఇక లెక్కలోకి వద్దాం. మామూలు సినిమా ఫిల్మ్ వెడల్పు 35 మిల్లీమీటర్లు. ఒక్కో బొమ్మకు అంచున 4 రంధ్రాలు. ఫిల్మ్ పైనుంచి కిందికి నడుస్తుంది. మనవాళ్ళకు బాగా తెలిసిన 70 ఎంఎంలో బొమ్మకు 5 రంధ్రాలు. 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దేవి, సంధ్య థియేటర్ల పేర్ల పక్కన ఆ అంకె ఈనాటికీ ఉంది, లోపల ఆ ఫిల్మ్ తిరగడం ఆగిపోయి ఎన్నేళ్ళో అయినా. ఐమాక్స్ వాళ్ళూ ఇదే 70 ఎంఎం ఫిల్మ్‌ను తీసుకున్నారు, కానీ అడ్డంగా పరుగెత్తించారు. అలా తిప్పేసరికి ఫిల్మ్ వెడల్పు బొమ్మకు ఎత్తయింది. వెడల్పు ఎంత కావాలంటే అంత సాగదీసుకోవచ్చు. బొమ్మకు 15 రంధ్రాల చొప్పున కేటాయించారు. 35 ఎంఎం బొమ్మతో పోలిస్తే వైశాల్యం తొమ్మిది, పది రెట్లు.

ఎందుకింత? సుమారు 70 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ బొమ్మను ప్రసాద్స్ తెర మీద పరచాలంటే 400 రెట్లు పెంచాలి. అదే 35 ఎంఎం బొమ్మనైతే 1,300 రెట్లు పెంచాలి. అంత సాగదీస్తే మనిషి ముఖం ఇసుక పోసినట్టు గరుగ్గా కనిపిస్తుంది. ఐమాక్స్‌లో దూరాన కొండ మీది చెట్టు కొమ్మలు కూడా విడివిడిగా కనబడేది ఫిల్మ్‌లో అంత చోటు ఉండబట్టే. అయితే ఈ 400 రెట్లు అనేది తప్పును కూడా అంతే పెంచుతుంది. ఫిల్మ్ మీద మిల్లీమీటరులో పదో వంతు దుమ్ము రేణువు పడితే తెర మీద అది నాలుగు సెంటీమీటర్ల మచ్చ. బొమ్మ తన చోటు నుంచి మిల్లీమీటరులో వందో వంతు జరిగినా తెర మీది కొండ నాలుగు మిల్లీమీటర్లు వణుకుతుంది.

మామూలు ప్రొజెక్టర్‌లో పళ్ళచక్రం ఫిల్మ్‌ను రంధ్రాల దగ్గర పట్టి గుంజుతుంది. 4 రంధ్రాలంటే 19 మిల్లీమీటర్లు, ఆ కుదుపును ఫిల్మ్ తట్టుకుంటుంది. 15 రంధ్రాలంటే 71 మిల్లీమీటర్లు. సెకనుకు 24 సార్లు అంత దూరం గుంజి ఆపితే రంధ్రాలు చిరిగిపోతాయి. దీనికి జవాబు ఆస్ట్రేలియాలో దొరికింది. రాన్ జోన్స్ అనే యంత్ర నిపుణుడు అప్పటికే 'రోలింగ్ లూప్' అనే పద్ధతిని కనిపెట్టి ఉన్నాడు. ఐమాక్స్ వాళ్ళు దాని హక్కులు కొన్నారు. షా దాన్ని పెద్ద ఫిల్మ్‌కు తగ్గట్టు పెంచి నిలబెట్టాడు.

ఆ పద్ధతి అందమంతా ఫిల్మ్‌ను గుంజకపోవడంలో ఉంది. పెద్ద రోటరు చక్రం ఒకటి తిరుగుతుంటుంది, దాని అంచున ఖాళీలుంటాయి. ఒక పక్క నుంచి వచ్చే ఫిల్మ్ ఆ ఖాళీలోకి ఉబ్బి అలగా లేస్తుంది. చక్రం తిరిగేకొద్దీ ఆ అల, వెలుగు పడే కిటికీ మీదుగా దొర్లుతూ పోతుంది. అల దాటిన చోట ఫిల్మ్ నెమ్మదిగా పరుచుకుంటుంది. మంచం మీద దుప్పటిని ఒక కొస పట్టి విదిలిస్తే అల అటు కొసకు పోయి దుప్పటి చదునుగా వాలుతుంది చూడండి, అలా. వాలిన ఫిల్మ్ రంధ్రాల్లోకి కదలని పిన్నులు దూరి దాన్ని సరైన చోట నిలబెడతాయి. అప్పుడు మధ్యలోని గాలిని లాగేస్తే ఆ శూన్యం ఫిల్మ్‌ను లెన్సు అద్దానికి అంటుకునేలా పీల్చి పట్టుకుంటుంది. బొమ్మ ఏ మూలా ఉబ్బదు, వంగదు, అంచు దాకా స్పష్టంగా ఉంటుంది. వెలుగు పడుతుంది. మళ్ళీ అల.

వెలుగు సంగతీ చిన్నది కాదు. పెద్ద థియేటర్లలో 15 కిలోవాట్ల జెనాన్ దీపం వాడేవారు, దాన్ని నీళ్ళతో చల్లబరచాలి. బల్బులో వాయువు ఒత్తిడి ఎంత ఉంటుందంటే, మార్చేటప్పుడు ఆపరేటరు ముఖానికి కవచం, చేతులకు మందపాటి తొడుగులు వేసుకోవాల్సిందే. శబ్దం ఫిల్మ్ మీద ఉండదు. అంత బొమ్మకు చోటిచ్చాక దానికి జాగా మిగల్లేదు. మొదట్లో వేరే 35 ఎంఎం అయస్కాంత ఫిల్మ్ మీద ఆరు ట్రాకులు పక్కన సమానంగా నడిచేవి, తరవాత డిస్కులు, హార్డ్ డ్రైవులు వచ్చాయి. త్రీడీ అయితే కుడి కంటికొకటి, ఎడమ కంటికొకటి, రెండు ఫిల్ములు ఒకే లయలో పరుగెత్తాలి. అనేక యంత్రాల లయ కుదరక పుట్టిన ఐమాక్స్ చివరికి మళ్ళీ రెంటి లయ కుదుర్చుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

నిమిషానికి 102 మీటర్లకు పైగా ఫిల్మ్ కరిగిపోతుంది. నలభై నిమిషాల డాక్యుమెంటరీకే నాలుగు కిలోమీటర్లు. అందుకే తొలి మూడు దశాబ్దాలూ ఐమాక్స్ అంటే సముద్రగర్భం, ఎవరెస్టు, అంతరిక్ష నౌక వంటి చిన్న చిత్రాలే ఎక్కువ. 2002లో పెద్ద సినిమాలను ఈ ఫిల్మ్ మీదికి మార్చడం మొదలైనప్పుడు 'అపోలో 13'ను కత్తిరించి రెండు గంటలకు కుదించారు. దర్శకుడు కోరి కాదు, ఫిల్మ్ చుట్టే పళ్ళేనికి అంతకు మించి పట్టక.

ఇక్కడే ఆపరేటరు వస్తాడు. ప్రింటు ఒక్క చుట్టగా రాదు, పదుల ముక్కలుగా పెట్టెల్లో వస్తుంది. వాటిని వరసగా అతికి, భోజనాల బల్లంత పళ్ళెం మీద పడుకోబెట్టి చుట్టాలి. ఒక్క అతుకు వంకరపోయినా లూప్ దగ్గర తన్నుకుంటుంది. ఆట ఆటకూ ఫిల్మ్ దారిని తుడవాలి. గదిలో తేమ తగ్గితే ఫిల్మ్‌కు స్థిర విద్యుత్తు పట్టి పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పెరిగినా తంటానే. ఎండాకాలం సాంచాల షెడ్డులో తేమ తగ్గి పోగులు తెగుతుంటే నేతగాడు పడే యాతన ఇలాంటిదే. ఇద్దరికీ పని నేర్పింది పుస్తకం కాదు, చెవి. లూప్ సరిగా కూర్చోకపోతే చప్పుడు మారుతుంది. మరుక్షణంలో యంత్రాన్ని ఆపకపోతే మీటర్ల కొద్దీ ఫిల్మ్ ముద్దయిపోతుంది. చాలా ఐమాక్స్ థియేటర్లలో ప్రొజెక్టర్ గదికి గాజు గోడ పెట్టి జనానికి కనబడనిచ్చారు. సినిమాహాళ్ళు ఎప్పుడూ దాచిపెట్టే గదిని వీళ్ళు ప్రదర్శనలో భాగం చేశారు. ఈ కళలో నాకు అన్నింటికంటే నచ్చింది ఆ నిర్ణయమే.

2008 నుంచి ఐమాక్స్ డిజిటల్ ప్రొజెక్టర్లు పెట్టడం మొదలెట్టింది. కారణం సులువే. ప్రింటు ఖర్చు వేల డాలర్లలో, హార్డ్ డ్రైవు ఖర్చు వందల్లో. హైదరాబాద్ 2014 నవంబరు దాకా నిలబడింది. 'ఇంటర్‌స్టెల్లార్' నిడివి 169 నిమిషాలు, అంటే 17 కిలోమీటర్ల పైచిలుకు ఫిల్మ్. ప్రసాద్స్‌లో దాన్ని ఫిల్మ్ మీదే ఆడించారు. పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం వచ్చి చూసిపోయారు. ఆ తరవాత ఆ తెర డిజిటల్‌కు మారింది, ఐమాక్స్ పేరూ వెళ్ళిపోయింది. 2023లో 'ఓపెన్‌హైమర్' కోసం ప్రపంచం మొత్తానికి 30 ఐమాక్స్ ఫిల్మ్ ప్రింట్లు తీస్తే మన దేశానికి ఒక్కటీ రాలేదు. నడుస్తున్న యంత్రం ఉంటే కదా.

ఈ బెంగ మనకొక్కరికే కాదు. ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ 1982లో తెరిచిన ఎప్‌కాట్ కూడా రేపటి ప్రపంచాన్ని చూపిస్తామన్న ఉద్యానమే. అందులో మరుసటి ఏడాది మొదలైన 'హొరైజన్స్' అనే సవారీని 1999లో మూసి, తరవాత భవనాన్నే పడగొట్టారు. దాని అభిమానులు ఇప్పటికీ అందులో వచ్చే నారింజ తోట వాసనను తలుచుకుంటారు. ఆ సవారీ నడుమ బండి దాటిపోయే రెండు భారీ గోళాకార తెరల మీద ఆడింది ఐమాక్స్ వాళ్ళ ఆమ్నిమాక్స్ పద్ధతి చిత్రాలే. భవిష్యత్తును అమ్మే చోట ఏదీ పాతబడటానికి వీల్లేదు, కాబట్టి పాతబడ్డ ప్రతిదీ పోవాల్సిందే. ఏ గుడికో, కోటకో ఆ ఇబ్బంది లేదు. సైన్స్ ఉద్యానాలు మాత్రం తమ సొంత చరిత్రను తామే తుక్కు కింద వేస్తాయి.

ఫిల్మ్ పోయినందుకు ఏడవాలని నేననను. సూరత్‌లో చాలాచోట్ల నాడె మగ్గాలు పోయి వాటర్‌జెట్ మగ్గాలు వచ్చినందుకు ఆ షెడ్లలో పనిచేసినవాళ్ళలో ఎంతమంది బాధపడ్డారు? ఆ చప్పుడుకు చెవులు పోయినవాళ్ళను అడగండి. డిజిటల్‌లో దుమ్ము మచ్చ ఉండదు, వందో ఆట కూడా మొదటి ఆటలాగే ఉంటుంది, చిన్న ఊళ్ళకూ అదే రోజు బొమ్మ పడుతుంది. ఇవన్నీ నిజమే. ఒప్పుకోలేనిది ఒక్కటే. మగ్గం పోయినా దాన్ని చూపించే మ్యూజియంలు దేశంలో ఉన్నాయి, నేసి చూపించే మనిషి కూడా అక్కడ ఉంటాడు. రోలింగ్ లూప్‌కు అలాంటి చోటు మన దేశంలో ఉన్నట్టు నేను వినలేదు.

టొరంటోలో ఆ పని చేశారు. ఒంటారియో ప్లేస్ 2012లో మూతపడినా సినీస్ఫియర్‌ను 2017లో మళ్ళీ తెరిచి ఫిల్మ్ ఆడించారు. 'ఓపెన్‌హైమర్' సమయంలో అమెరికాలో రిటైరైన ఆపరేటర్లను వెతికి పిలిపించుకోవాల్సి వచ్చింది. మన దగ్గరా ముంబైలో, అహ్మదాబాద్‌లో, హైదరాబాద్‌లో ఈ యంత్రాలు నడిపినవాళ్ళు ఎక్కడో ఉంటారు. వేరే ఉద్యోగాల్లో ఉండవచ్చు, ఇంటిపట్టున ఉండవచ్చు. సూరత్‌కు 2009 నుంచి నగరపాలక సంస్థ సైన్స్ సెంటర్ ఉంది. గుడ్డ యంత్రాలు తెలిసిన ఊరు కాబట్టి ఒక రోటరు, కొన్ని మీటర్ల ఫిల్మ్, ఒక గాజు గది ఇక్కడ పెట్టడానికి తగిన చోటే. యంత్రం కోసం పాత థియేటర్ల గోదాముల్లో వెతకొచ్చు. లూప్ ఎక్కించడం వచ్చినవాళ్ళను ముందు వెతకాలి. యంత్రం పదేళ్ళు ఆగగలదు గాని వాళ్ళు ఆగలేరు.