5.4 రాళ్ళపల్లి గాథానువాదం – విలువ, పరిమితి

రోమనుల జీవితాన్ని తెలుసుకోవడానికి చరిత్రకారులు లాటిన్ కవులను కూడా చదువుతారు. శాతవాహనుల కాలానికి మనకున్న అటువంటి ఆధారం హాలుని పేరున్న ప్రాకృత గాథాసప్తశతి. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుంచి 1949 వరకు తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దీనిని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ప్రాకృతం రాని పాఠకునికి ఇది గొప్ప మేలు.

అయితే గ్రంథనామం 'శాలివాహన గాథాసప్తశతీసారము' అని గమనించండి. ఇది ఎంపిక, సమగ్ర అనువాదం కాదు. పైగా చాలా గాథల్లో మాట్లాడేది ఎవరో కవి చెప్పడు, పాఠకుడే ఊహించుకోవాలి. అందువల్ల అనువాదకుని అభిరుచి, ఊహ పద్యంలో కలుస్తాయి. కావ్యంగా ఆస్వాదించడానికి ఇది లోపం కాదు. చరిత్రకు సాక్ష్యంగా తీసుకునేటప్పుడు మాత్రం మూలంతో పోల్చక తప్పదు.

మరొక జాగ్రత్త. గాథల్లోని పొలాలు, కాపు ఇళ్ళు, వానకై ఎదురుచూపు అనంతపురం మెట్ట రైతుబిడ్డకు తన ఊరివే అనిపిస్తాయి. కాని పల్లెను వర్ణించినవాడు పల్లెవాడే కానక్కరలేదు. ప్రాకృతం ఆనాటి నాగరకులు మెచ్చిన కావ్యభాష కూడా.

ఆలోచించండి: కవిత్వంలోని పల్లెను చరిత్రలోని పల్లెగా ఎంతవరకు స్వీకరించవచ్చు?