పుంజాల లెక్క, అచ్చు పనితనం

విశాఖపట్నం రేవు అనగానే ఇప్పుడు ఇనుప ఖనిజం, బొగ్గు, ఉక్కు గుర్తొస్తాయి. 1933లో రేవు తెరుచుకోకముందు ఈ తీరానికి దూరదేశాల్లో పేరు తెచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది బట్ట. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు భీమునిపట్నంలోనూ, ఆ శతాబ్దం చివర్లో ఇంగ్లిషువాళ్లు విశాఖలోనూ గిడ్డంగులు పెట్టుకున్నారు. నేతబట్ట వాళ్ల కొనుగోళ్లలో పెద్ద భాగం. ఆ బట్టల రకాన్ని తేల్చిన కొలత మన నేతగాళ్లదే. దాని పేరు పుంజం.

పుంజం అంటే 120 పడుగు పోగులు, అంటే నిలువు పోగులు. బట్ట వెడల్పులో ఎన్ని పుంజాలు పడితే అంత సన్నం. ఈ తీరం భాగమైన ఉత్తర సర్కారుల లాంగ్‌క్లాత్‌లో 14 పుంజాల ముతక రకం నుంచి 40 పుంజాల మేలు రకం దాకా ఉండేవి. అంటే 1,680 పోగుల నుంచి 4,800 పోగుల దాకా! వెడల్పు పెద్దగా పెరగదు, పోగులు మాత్రం దాదాపు మూడు రెట్లవుతాయి. అవన్నీ వరస తప్పకుండా నిలబడాలంటే మగ్గానికి మంచి అచ్చు కావాలి.

అచ్చు చూడటానికి పళ్ల కొసలు రెండు పక్కలా మూసేసిన పొడుగాటి దువ్వెనలా ఉంటుంది. పాత పద్ధతిలో రెల్లునో వెదురునో సన్నగా చీల్చి, పుల్లలన్నీ ఒకే మందానికి వచ్చేదాకా గీకి నునుపు చేస్తారు. పైనా కిందా జంట బద్దల మధ్య ఒక్కో పుల్లా నిలబెట్టి, బద్దలను కలిపి దారం చుడతారు. అసలు నేర్పు ఈ దారంలో ఉంది. పుల్లకూ పుల్లకూ మధ్య ఎడం ఎంతో దారం మందమే నిర్ణయిస్తుంది. దారం లావైతే సందు పెరుగుతుంది, సన్నమైతే పుల్లలు దగ్గరవుతాయి. చుట్టేటప్పుడు చెయ్యి ఒక్కచోట బిగుసుకున్నా ఆ తేడా బట్ట పొడవునా కనబడుతుంది. ఇంత సూక్ష్మమైన పనిని కొలబద్దతో కాక వేళ్లతో సాధించినవాళ్ల పేర్లు ఏ కంపెనీ ఖాతాలోకీ ఎక్కలేదు. చీరకు నేతగాడి ఊరి పేరు ఉంటుంది. అచ్చు కట్టినవాడికి ఆపాటి గుర్తింపు కూడా దక్కకపోవడం అన్యాయం.

మగ్గం మీద అచ్చుకు మూడు పనులు. పోగులను విడదీసి వెడల్పు నిలుపుతుంది. అడ్డపోగును మోసుకెళ్లే నాడె పరుగెత్తేటప్పుడు దానికి వెనక ఆనుడుగా ఉంటుంది. నాడె దాటాక, తనను పట్టి ఉంచే పలకతోపాటు ముందుకొచ్చి పేకను, అంటే ఆ అడ్డపోగును, బట్టలోకి కొడుతుంది. సాధారణంగా ఒక్కో సందులో రెండేసి పోగులు ఎక్కిస్తారు. రెండు అంగుళాల్లో 100 సందులుంటే దాన్ని నూరో నంబరు అచ్చు అంటారు. అంటే అంగుళానికి 100 పోగులు.

ఇంగ్లండులోనూ ఒకప్పుడు రెల్లు పుల్లల అచ్చులే. 1733లో ఎగిరే నాడెకు పేటెంటు పొందిన జాన్ కే, అంతకుముందే పుల్లల బదులు లోహపు తీగ పెట్టి అచ్చులు చేశాడు. నేడు మన మగ్గాల మీదా ఉక్కు అచ్చులదే రాజ్యం. ఉక్కు త్వరగా అరగదు, సందులు సమంగా ఉంటాయి. కానీ సముద్రపు గాలికి మామూలు ఉక్కు తుప్పు పడుతుంది, ఆ మరక తెల్లని నూలుకు అంటితే పోదు. అందుకే మన తీరానికి స్టెయిన్‌లెస్ స్టీలు అచ్చే మేలు. తుప్పుతో గరుకెక్కిన పుల్ల పోగును కోసేస్తుంది కూడా.

1950 దాకా విశాఖ జిల్లాలోనే ఉన్న పొందూరు సంగతి చూడండి. అక్కడ వాలుగ చేప దవడతో ఏకిన కొండపత్తిని చరఖా మీద వడికి, 100 కౌంటు దాకా సన్నని నూలు తీస్తారు. చేత్తో వడికిన పోగు అంతటా ఒకే మందంలో ఉండదు. లావుగా ఉన్నచోటు ఇరుకు సందులో ఒరుసుకుంటే తెగుతుంది. అలాంటి నూలుకు తగిన అచ్చును ఎంచుకోవడం వడకడమంత విద్య అని నా నమ్మకం.

వేల పోగులను ప్రతిసారీ ఒక్కొక్కటిగా అచ్చులోకి ఎక్కించడం అయ్యే పని కాదు. పాత పడుగు కొసలను అచ్చులోనే వదిలి, ఒక్కో కొసకు కొత్త పడుగు పోగును చేర్చి, బూడిద రాసిన వేళ్లతో మెలిపెడతారు. దీన్నే అచ్చు అతకడం అంటారు. ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేసే ఈ పనిని కూలి లెక్కలో విడిగా చూపాలి.

కొత్త చేనేత బట్టను వెలుతురుకు ఎత్తి చూస్తే పోగులు జంటలుగా, మధ్యలో సన్నని ఖాళీతో కనిపిస్తాయి. అవి అచ్చు జాడలు, నాలుగు ఉతుకులకు సర్దుకుంటాయి. నిలువునా ఒకేచోట ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గీత సాగితే మాత్రం పుల్ల వంగిందనో, పోగు పక్క సందులోకి పోయిందనో అనుకోవాలి. ఆ గీత ఉతికినా పోదు.